రేచర్ల సీమ: వంశావళియందలి భూమి, శాసనములందలి భూమి

పాశ్చాత్యదేశములలో గత కొన్ని దశాబ్దులుగా ఒక విచిత్రమైన వినోదము వ్యాప్తిలో నున్నది. నలుగురైదుగురు మిత్రులు ఒక బల్లచుట్టు చేరి, తలకొక వీరుని పాత్రను ధరించి, పాచికల సాయముతో ఒక కథను నడుపుకొందురు. ఆర్థరురాజు కథను ఆధారముగా గొని 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ అను నాతడు ప్రకటించిన ‘పెండ్రాగన్’ అను క్రీడ యిట్టివానిలో ప్రసిద్ధమైనది. అందలి వీరులు సాలిస్‌బరీ యను సీమకు చెందిన భటులు. యుద్ధములును వేటలును ముగిసిన తరువాత ప్రతి సంవత్సరమును ఒక శీతకాలపు లెక్క వచ్చును. పంట యెట్లు పండినది, ఇంట బిడ్డలెందఱు కలిగిరి, గుఱ్ఱము బ్రతికినదా చచ్చినదా యని పాచికలు వేసి తేల్చుకొనవలెను. సీమ చాలవఱకు కల్పితమే. అయినను దానికొక దుర్గము, కొన్ని గ్రామములు, ఒక ప్రభువు, ఆయన క్రింది సామంతులు, వారి వంశవృక్షములు, తరతరముల పగలు ఉండి తీరవలెను.

పరిశోధన పత్రికలో ఆటల ప్రసక్తి యేల యని పాఠకులు శంకింపవచ్చును. ఒక సీమను కల్పించుటకు కావలసిన సామగ్రి యేది యను ప్రశ్న ఆడుకొనువారిది మాత్రమే కాదు. మన నల్లగొండ పాలమూరు మెట్టసీమలలో ఈ పని శతాబ్దుల క్రిందటనే జరిగినది. ఆ పని చేసినవారు భట్టుకవులు. వారు కల్పించిన సీమ రేచర్లవారి సీమ. ఆ కల్పితభూమికిని, అదే స్థలమున పారతో త్రవ్వి, రాతితో కట్టి, చెఱువు నింపి పంట పండించిన భూమికిని గల సంబంధమును పరిశీలించుటయే యీ వ్యాసమునందు మేము తలపెట్టిన పని.

ముందుగా స్థలనిర్దేశము. కృష్ణానదికి ఉత్తరమున, మూసీనదికి ఇరుప్రక్కల, డిండివాగు పరీవాహమును కలుపుకొని పరచుకొన్న గండశిలల మెట్టభూమి యిది. సాలుకు 750 మిల్లీమీటర్లకు అటునిటు కురియు వానయే దీనికి ఆధారము. పూర్వము కల్యాణి చాళుక్యుల యేలుబడిలో కొల్లిపాక యేడువేల నాడు మున్నగు విభాగములు దీనిలో నుండెను. కందూరు చోడులు పానుగల్లు, వర్ధమానపురము, కందూరు అను పట్టణములనుండి చాళుక్యులకు సామంతులై ఏలిరి. పిమ్మట కాకతీయుల కాలమున పిల్లలమఱ్ఱి, నాగులపాడు ప్రాంతములందు రేచర్ల రెడ్లు ప్రబలిరి. కాకతీయ పతనానంతరము రేచర్ల పద్మనాయకులు రాచకొండ, దేవరకొండ దుర్గములను రాజధానులుగా జేసికొనిరి. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనచే రాచకొండ యాదాద్రి భువనగిరి జిల్లాలోనికిని, పిల్లలమఱ్ఱి సూర్యాపేట జిల్లాలోనికిని, వర్ధమానపురమని గుర్తింపబడిన నంది వడ్డెమాను నాగర్‌కర్నూలు జిల్లాలోనికిని పోయినవి. మేము ఇందు పూర్వపు జిల్లాల పేళ్లనే వాడుచున్నాము.

రేచర్ల పద్మనాయకుల చరిత్రమునకు ప్రధానాధారమైన గ్రంథము వెలుగోటివారి వంశావళి. అనేక కాలములందు అనేక భట్టుకవులు చెప్పిన పద్యముల సంపుటి యది. నేలటూరి వేంకటరమణయ్యగారు దానిని పరిష్కరింపగా మద్రాసు విశ్వవిద్యాలయమువారు 1939లో ప్రకటించిరి. వంశమూలమును గూర్చి అందు వినబడు కథ సంగ్రహముగా ఇట్టిది. నల్లగొండ జిల్లాలోని ఆమనగల్లులో చెవిరెడ్డి యను కాపు కలడు. పొలము దున్నుచుండగా ఆయనకు నిక్షేపము కానవచ్చెను. దానిని కాచియున్న బేతాళుడు నరబలి కోరెను. చెవిరెడ్డి యొద్ద మాల కులమునకు చెందిన రేచడను పాలేరుండెను. తన్ను బలి యిమ్మని అతడే ముందునకు వచ్చెను. అయితే రెండు కోరికలు కోరెను. దొరగారి వంశము తన పేరను రేచర్ల గోత్రమని వ్యవహరింపబడవలెను. ఆ యింట పెండ్లి జరిగినప్పుడెల్ల ముందుగా తన వంశమువారి పెండ్లి జరిపింపవలెను. చెవిరెడ్డి అందుల కొడంబడెను. ఆ ధనముతో ఆయన కాకతీయుల కొలువున నాయకుడయ్యెను. పిల్లలమఱ్ఱి బేతాళరెడ్డి యని ఆయనకు ప్రసిద్ధి కలిగెను.

పాలమూరు పట్టణము చెంతనున్న పిల్లలమఱ్ఱి యను మహావృక్షముతో ఈ యూరి పేరునకు సంబంధము లేదు. ఒకటి చెట్టు, ఒకటి సూర్యాపేట యొద్దనున్న గ్రామము. విద్యార్థులు పరీక్షాపత్రములలో ఈ రెంటిని కలుపుచుండుట మేము పలుమాఱు చూచి యున్నాము.

ఈ కథను చరిత్రకారుడు ఏమి చేయవలెను? కట్టుకథ యని త్రోసివేయుట సులభము. రేచర్ల యను పదము మొదట ఊరిపేరై, పిమ్మట ఇంటిపేరై యుండవలెను. మాచర్ల, బాపట్ల వంటి గ్రామనామములు మన దేశమున కొల్లలు. ఊరిపేరునకు మూలము మఱచిన పిదప ఆ పేరులో ‘రేచడు’ వినబడుట సహజము. మఱియొక విషయము కలదు. పిల్లలమఱ్ఱి శాసనములందు కానవచ్చు రేచర్ల ప్రభువులలో బేతిరెడ్డి యొకడు. బేతి యను పేరు కాకతీయులలోను కలదు; అది ఆనాటి వ్యవహారనామము. బేతి యను నామమే జనుల నోళ్లలో బేతాళ శబ్దమును పిలిచి, బేతాళుడు వచ్చిన వెంట నిక్షేపమును, నిక్షేపము వెంట బలిని తెచ్చినదని మా యూహ. ఇంతవఱకు శబ్దశాస్త్రము. కాని శబ్దశాస్త్రముతో రేచడు సమసిపోడు. రాజవంశములు సూర్యుని నుండియు చంద్రుని నుండియు మూలపురుషులను తెచ్చుకొనుచున్న కాలమున, ఒక ప్రభువంశము తన పేరు తన పాలేరునుండి వచ్చినదని చెప్పుకొనుట అపూర్వము. దీనిని మఱల చూతము.

ఇక శాసనముల మాట. వంశావళి కల్పితము, శాసనము యథార్థము అను విభాగము బోధనకు సులభముగా నుండును గాని నిలువదు. మధ్యయుగ శాసనము నొకదానిని తీసికొని చదివినచో అది యొక రాయి కాదు, రెండు రాళ్లు అని తోచును. పై భాగమున ప్రశస్తి యుండును. అది తఱచు సంస్కృత శ్లోకములతో, శత్రువుల గర్వభంగములతో, దిగంతములకు ప్రాకిన కీర్తితో నిండి యుండును. క్రింది భాగమున దానము వచ్చును. చెఱువు వెనుక నీరునేల యెన్ని మర్తురులు, వెలిపొలమెంత, తోట యెక్కడ, అఖండదీపమునకు నూనె యే గానుగనుండి రావలెను అని తెలుగు వచనమున చెప్పబడును. దానిని హరించినవాడు అఱువది వేలేండ్లు క్రిమియై పుట్టునను శాపముతో శాసనము ముగియును. పై భాగము వ్రాసినది కవి. క్రింది భాగము చెప్పినది కరణము. కల్పనకును యథార్థమునకును నడుమ సరిహద్దు గ్రంథమునకును రాతికిని మధ్య లేదు. అది రాతి నడుమనే యున్నది.

దీనికి క్రీ. శ. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనముకంటె మంచి నిదర్శనము లేదు. అచింతేంద్రుడు రచించిన ఆ శాసనమున కాకతి రుద్రదేవుని విజయములు వర్ణితములైనవి. అందు మన సీమకు చెందిన ఘట్టము సుదీర్ఘమైనది. కందూరు చోడవంశమున భీముడు గోకర్ణుని చంపి గర్వించెననియు, రుద్రుడు వర్ధమాననగరిని దహించెననియు, చోడోదయుడు రుద్రుని భయముచేతనే మరణించెననియు కవి చెప్పుచున్నాడు. సోదరహత్య, పురదహనము, వనములలోనికి పలాయనము — ఇవి యన్నియు వీరకథకు తగిన సామగ్రి. ఈ శాసనమునకు ఎనిమిదేండ్లు ముందుగా, 1155 ప్రాంతమున, వేస్ అను కవి ఫ్రెంచి భాషలో ఆర్థరు చరిత్రను కావ్యముగా చెప్పి గుండ్రబల్లను మొట్టమొదట ప్రస్తావించెను. అతనికి ఆధారమైన మన్‌మత్ వాసి జెఫ్రీ లాటిను గ్రంథము 1136 ప్రాంతమునాటిది. అనగా ఆర్థరు సీమయు, మన కందూరు సీమయు ఒక్క తరముననే కవుల చేతులలో రూపు దిద్దుకొన్నవి. భేదమొకటి కలదు. జెఫ్రీ తనకు ఆఱువందల యేండ్ల క్రిందటి రాజును గూర్చి వ్రాసెను. అచింతేంద్రుడు ఓడిన ప్రభువు బంధువులింకను బ్రతికియుండగా వ్రాసెను.

భయముచేత చచ్చిన చోడోదయుని సంగతి యేమైనది? నల్లగొండ పట్టణము చేరువనున్న పానుగల్లులో ఛాయాసోమేశ్వరాలయము కలదు. గర్భగుడిలో పగలెల్ల కదలక నిలుచు నీడను చూచుటకు జనులు పోవుచుందురు. ఆ గుడికి దాపున ఉదయసముద్రమను పెద్ద చెఱువున్నది. ఉదయ నామధేయులు కందూరు చోడులలో ఒకరికంటె ఎక్కువమంది కలరు. చెఱువు వారిలో ఎవరి పేర వెలసినదైనను, ప్రశస్తిలో హాస్యాస్పదముగా మరణించిన వంశము ఆ కట్టమీద మరణింపలేదు. నేడు ఆ చెఱువు కృష్ణాజలములను నింపుకొని ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టునందు జలాశయముగా పనిచేయుచున్నది. రుద్రదేవుని కవి చెప్పినదే నమ్మినచో ఈ వంశమున పిఱికివారును సోదరహంతలును తప్ప మఱెవ్వరును లేరు. కట్ట నడిగినచో వేఱుమాట చెప్పును.

పిల్లలమఱ్ఱికి వత్తము. ఇచ్చట 1195, 1208 సంవత్సరముల శాసనములు ప్రసిద్ధములు. ఒకటి రుద్రదేవుని కాలమునాటిది, రెండవది గణపతిదేవుని కాలమునాటిది. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎఱకసాని పేర ఎఱకేశ్వరాలయము వెలసినది. నామిరెడ్డి పేర నామేశ్వరాలయము వెలసినది. ఇదే రేచర్ల కుటుంబమునకు చెందిన రుద్రుడు 1213లో పాలంపేట రామప్పగుడిని కట్టించెను. ఆ గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. అందఱును రామప్పను చూతురు. పిల్లలమఱ్ఱికి పోవువారు కొద్దిమంది. సామంతులకు గుడి, చెఱువు, ఊరు అను మూడును ఒకేపనిగా నుండెనని తెలిసికొనుటకు మాత్రము పిల్లలమఱ్ఱియే మేలు. చెఱువు లేక గుడికి నైవేద్యము లేదు. గుడి లేక చెఱువు కట్టకు మరమ్మతు లేదు. చెఱువు త్రవ్వించినవానికి ఆయకట్టులో పదియవ పాలు మాన్యముగా లభించు దశబంధ పద్ధతి ఈ యేర్పాటునకు వెన్నెముక. ఆంగ్ల భటునికి పాచికలు నిర్ణయించు పంట, మన నాయకునికి కట్ట నిర్ణయించెను.

పద్మనాయకుల కాలమునకు వచ్చుసరికి కవిసీమ మఱింత పెరిగినది. మొదటి సింగమనాయకుడు 1361 ప్రాంతమున జల్లిపల్లి కోటను ముట్టడించి యుండగా వంచనచే హతుడయ్యెననియు, ఆయన కుమారులు అనపోతనాయకుడును మాదానాయకుడును పగ తీర్చుకొనిరనియు వంశావళి చెప్పుచున్నది. పిదప అన్న రాచకొండను, తమ్ముడు దేవరకొండను ఏలిరి. అనపోతనాయకుడు 1369 నాటి ఐనవోలు శాసనమున ఆంధ్రదేశాధీశ్వరుడని చెప్పుకొనెను. మాదానాయకుని 1376 నాటి శాసనము శ్రీశైలమునకు ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరమున కలదు. అనపోతని కుమారుడైన సర్వజ్ఞ సింగభూపాలుడు తన రసార్ణవసుధాకరమున తన మండలము వింధ్యమునకును శ్రీశైలమునకును నడుమనున్నదని వ్రాసెను. శ్రీశైలపు సరిహద్దు నిజము. ఉమామహేశ్వర శాసనమే సాక్షి. వింధ్యము మాత్రము కవిసమయము. రాచకొండ దుర్గముమీద నిలిచి ఉత్తరముగా చూచినచో భువనగిరి గుట్ట కనబడవచ్చును గాని వింధ్యము కనబడదు. అయినను ఆ గ్రంథకర్తను మేము నిందింపము. అలంకారశాస్త్ర చరిత్రమున భారతదేశమంతటను పేరొందిన గ్రంథమును ఈ గండశిలల నడుమ కూర్చుండి వ్రాసిన ప్రభువాయన. భూమిని పెంచి చెప్పెను; విద్యను పెంచి చెప్పుకొనవలసిన యవసరము ఆయనకు లేకుండెను.

కల్పనలలో మిక్కిలి ప్రబలినది డెబ్బదియేడుగురు నాయకుల కథ. ఓరుగంటి కోటకు డెబ్బదియేడు బురుజులనియు, బురుజునకొక పద్మనాయకుడు కాపుండెననియు కాకతీయ రాజ్యము 1323లో పతనమైన పిమ్మట చాలకాలమునకు పుట్టిన ప్రతాపరుద్ర చరిత్రాదులు చెప్పుచున్నవి. రాతికోటకున్న బురుజులు నలుబదియైదు. కాకతీయులను కొలిచిన నాయకులు అనేక కులములవారనియు, ఒకే కులమువారు కారనియు సింథియా టాల్బట్ శాసనములన్నిటిని లెక్కించి 2001లో ప్రకటించిన గ్రంథమున నిరూపించినది. 1423 నాటి కలువచేరు శాసనమున అనితల్లి తన పూర్వుల సంగతి చెప్పుచు, కాపయనాయకుని కొలిచిన నాయకులు డెబ్బదియైదుగు రనెను. కథ నోటనోట నడచుకొలది సంఖ్య డెబ్బదియేడైనది. కాపయ కొలువు ప్రతాపరుద్రుని కొలువైనది. వించెస్టరు నగరమున ఒక సభాభవనపు గోడమీద గుండ్రబల్ల యొకటి నేటికిని వ్రేలాడుచున్నది. దాని కొయ్య పదుమూడవ శతాబ్దినాటిది. దానిమీది ఇరువదినలుగురు వీరుల పేళ్లు ఎనిమిదవ హెన్రీ కాలమున చిత్రింపబడినవి. కథ ముందు పుట్టి బల్ల పిమ్మట పుట్టినది. మన బురుజులకును అదియే గతి పట్టినది.

అయితే ఈ కథలు ఎవరికి అవసరమైనవి? ఆర్థరు కథకు మూలము శాక్సనులను గెలిచినవారు కారు, భూమి కోల్పోయి వేల్సు కొండలకు తొలగిన బ్రిటనులు. రేచర్లవారి స్థితియు దీనికి దూరము కాదు. 1420ల చివర రాచకొండలో చెఱువు పని జరుగుచుండెను: రావు మాధవుని భార్య నాగాంబిక కట్టించిన నాగసముద్రము 1429 నాటిది. పిమ్మట పది సంవత్సరములు గడువకమున్నే రాచకొండ బహమనీల వశమయ్యెను. 1459లో దేవరకొండ యొద్ద లింగమనేడు గజపతుల సాయముతో బహమనీ సైన్యము నోడించెను గాని అది కడపటి వెలుగు. వంశమువారు కృష్ణ దాటి వెలుగోడు చేరిరి. ఆ యూరినుండి వారికి వెలుగోటివారను పేరు వచ్చినది. తరువాత పెన్న దాటి వెంకటగిరి సంస్థానాధీశులైరి. రాచకొండను గూర్చి మనకు వినబడు పద్యములలో పెక్కింటిని ఆ దూరపు కొలువులే కాపాడినవి. విడిచి వచ్చిన భూమి వర్ణనలో పెరుగును. సరిహద్దులు వింధ్యమునకు ప్రాకును. చెఱువులు మాత్రము వర్ణనలోనికి రావు, అవి వెంట తీసికొనిపోదగినవి కావు గనుక. పగలును, బిరుదులును, తండ్రుల మరణములును వెంట వచ్చినవి.

నల్లగొండ జిల్లా శాసనములు 1992, 1994 సంవత్సరములలో సంపుటములుగా వెలువడిన పిమ్మట ఈ విడిచిపెట్టబడిన భాగమును చదువుట సులభమైనది. అంతకుముందే 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలివారు తెలంగాణా శాసనములను ప్రకటించి దారి వేసిరి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించి, రాజుల యుద్ధములకంటె జనుల తిండి, బట్ట, ఆట, పాట చరిత్రకు ముఖ్యములని చూపిరి. వారు పాలమూరు సీమవారు. అయినను మా పాఠ్యగ్రంథములలో రాచకొండ యన్నంత సింగభూపాలుడును శ్రీనాథుడునే తలపునకు వచ్చుచున్నారు. నాగాంబిక పేరు చెప్పిన విద్యార్థిని మేము ఇంతవఱకు చూడలేదు. తప్పు విద్యార్థులది కాదు, మేము చెప్పలేదు.

ఈ సీమను ఎవరైన మఱల కల్పింపబూనినచో, ఆటకొఱకు గాని నవలకొఱకు గాని, వారికి వంశావళి చాలినంత సామగ్రి నిచ్చును. దుర్గములు రెండు, అన్నదమ్ములు ఇద్దఱు, మోసముచే చచ్చిన తండ్రి, పండితుడైన రాజు, దక్షిణమున నల్లమల అడవి. ఇంతకంటె సాలిస్‌బరీకి ఎక్కువ యేమున్నది? వారు శాసనముల క్రింది భాగమునుగూడ చదివినచో సంవత్సరాంతపు లెక్కయు లభించును: చెఱువు నిండినదా, కట్ట తెగినదా, గానుగ ఆడినదా, దీపము వెలిగినదా.

రేచడు మాత్రము ఈ రెంట ఏ భాగమునకును చెందడు. ప్రశస్తిలో అతని వంటివానికి చోటు లేదు. దానభాగమున పొలము పేరుండును, పొలము దున్నినవాని పేరుండదు. కట్ట క్రింద నరబలి యను కథలు మన చెఱువులకు అనేకములు కలవు. మట్టి మోసి చచ్చినవారి జ్ఞాపకము వానిలో నిలిచినదని మా యభిప్రాయము. ప్రభువు ధనమునకు ప్రాణము పెట్టినది పాలేరు అను మాట శాసనము చెప్పదు, చెప్పజాలదు. చెప్పినది కట్టుకథ. ఆ కథ చెప్పినవారు దానిని ప్రభువు సభలోనే, ప్రభువు వంశస్తుతిలోనే నిలిపిరి. ప్రభువులు దానిని తుడిచివేయలేదు. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన గ్రంథమున వెలమలను గూర్చిన భాగమున ఈ నిక్షేపకథయు, దానివలన ఏర్పడిన యాచారమును నమోదైనవి. ఆమనగల్లు విడిచి, రాచకొండ విడిచి, కృష్ణా పెన్నలు రెండును దాటిన తరువాతగూడ, వెంకటగిరివారి యింట పెండ్లికి ముందు ఒక మాల జంటకు పెండ్లి చేయుట ఆచారమై యుండెను.